బ్రైట్ వేరు, లేత వేరు: మీ ప్రాజెక్టులో రంగుల వెలుగు సరిచూసుకోవడం ఎలా

"స్క్రీన్ మీద అదిరిపోయింది, ప్రింట్ తీస్తే వెలవెలపోయింది, ఎందుకు?" "బ్రైట్ కలరే వాడాను, అయినా టైటిల్ కనిపించట్లేదేంటి?" "కొంచెం బ్రైట్‌గా చేయమన్నారు, బ్రైట్‌నెస్ పెంచితే బొమ్మంతా పాలిపోయింది, ఇప్పుడేం చేయను?" ఈ మూడూ నన్ను మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంటారు. ప్రతిసారీ విడివిడిగా జవాబు రాయడం నా వల్ల కావట్లేదు కాబట్టి ఒకేచోట రాసేస్తున్నా. మూడింటికీ మూలం ఒకటే. మనం "బ్రైట్" అనే ఒక్క మాటని మూడు వేర్వేరు సంగతులకి వాడేస్తున్నాం, సాఫ్ట్‌వేర్ కూడా అదే పని చేసి మనల్ని ఇంకాస్త గందరగోళపెడుతోంది.

నాకిది బుర్రకెక్కింది ఒక పోస్టర్ వల్ల. నీలిపచ్చ బ్యాక్‌గ్రౌండ్, దాని మీద నారింజ రంగు టైటిల్. రంగుల చక్రంలో ఎదురెదురు రంగులు కదా, కొట్టొచ్చినట్టు కనిపిస్తుందనుకున్నా. మానిటర్ మీద నిజంగానే జిగేల్‌మంది. ప్రింట్ తీసి గోడకి అంటించి నాలుగడుగులు వెనక్కి వేస్తే టైటిల్ ఉన్నట్టే లేదు. కాసేపు ప్రింట్ తీసినవాళ్లని తిట్టుకున్నా కూడా. తీరా ఆ ఫైల్‌ని బ్లాక్ అండ్ వైట్ చేసి చూస్తే అక్షరాలు మాయం, ఒకే బూడిద రంగు పలక మిగిలింది. తప్పు పూర్తిగా నాదే. దాని లెక్క నాలుగో మెట్టులో చెప్తాను.

ముందు మూడు మాటలు

థియరీ ఇంతకన్నా పెంచను, ఇది మాత్రం చదవండి.

వెలుగు, అంటే బ్రైట్‌నెస్: ఒక చోటి నుంచి మీ కంటికి ఎంత కాంతి వస్తున్నట్టు అనిపిస్తోందో అది. లైటు ఆర్పితే తగ్గుతుంది, ఎండలోకి వెళ్తే పెరుగుతుంది.

లేతదనం, అంటే లైట్‌నెస్: అదే వెలుతురులో ఉన్న తెలుపుతో పోలిస్తే ఈ రంగు ఎంత లేతగా, ఎంత ముదురుగా ఉందో అది. పోలిక లేకపోతే లేతదనం లేదు.

చిక్కదనం, అంటే సాచురేషన్: రంగు ఎంత గాఢంగా ఉంది, ఎంత బూడిద కలిసింది అన్నది. మనవాళ్లు "బ్రైట్ కలర్" అన్నప్పుడు చాలాసార్లు అడిగేది దీన్నే.

మొదటి రెండింటికీ తేడా ఎంతుంటుందో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. గదిలో 500 లక్స్ (ఒక చోట పడే వెలుతురుకి కొలత) వెలుతురు ఉందనుకోండి. తెల్ల కాగితం అందులో 90 శాతం తిప్పి పంపితే, చదరపు మీటరుకి సుమారు 140 కాండెలాల (అక్కడి నుంచి కంటి వైపు వచ్చే వెలుగుకి కొలత) వెలుగు వస్తుంది. ఇప్పుడు అదే కాగితం తీసుకుని లక్ష లక్స్ ఉండే మిట్టమధ్యాహ్నపు ఎండలోకి వెళ్లండి. దాని మీది నల్ల అక్షరం 4 శాతమే తిప్పి పంపినా 1,270 కాండెలాల పైమాటే. అంటే ఎండలోని నలుపు, గదిలోని తెలుపు కన్నా దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువ వెలుగు మీ కంట్లోకి కొడుతోంది. అయినా ఎండలో ఆ అక్షరం తెల్లగా కనిపించిందా? లేదు, నల్లగానే ఉంది. వెలుగు పెరిగింది, లేతదనం మారలేదు. మన కన్ను చుట్టూ ఉన్న తెలుపుని పట్టుకుని మిగతావన్నీ దానితో కొలుస్తుంది. బొమ్మ వేసేటప్పుడు, డిజైన్ చేసేటప్పుడు మన చేతిలో ఉండేది లేతదనం మాత్రమే. వెలుగు ఎంతన్నది చూసేవాళ్ల గదిలోని లైటు, వాళ్ల ఫోన్ స్లైడర్ నిర్ణయిస్తాయి.

కావాల్సినవి

- మీ బొమ్మ లేదా డిజైన్. పూర్తికాకపోయినా పర్లేదు, నిజానికి సగంలో ఉంటేనే మంచిది.
- గ్రేస్కేల్‌లో, అంటే రంగుల్లేకుండా బూడిద ఛాయల్లో చూపించే సాధనం ఏదైనా: ఫొటోషాప్, గింప్, క్రీటా, లేదా ఫోన్.
- ల్యాబ్ విలువలు చూపించే కలర్ పికర్, అంటే రంగుని ఎంచుకుని దాని అంకెలు చూసే సాధనం. ల్యాబ్ అన్నది రంగుల కొలత, అందులో లేతదనం 0 నుంచి 100 దాకా ఉంటుంది.
- తెల్ల కాగితం ఒకటి. కాగితం మీద పనిచేసేవాళ్లకి అదనంగా నలుపు, తెలుపు పెయింట్లు, దళసరి కాగితపు పట్టీ.
- ఆన్‌లైన్‌లో దొరికే కాంట్రాస్ట్ చెకర్ (రెండు రంగుల మధ్య తేడా చాలుతుందో లేదో చెప్పేది), అక్షరాలు ఉన్న పని అయితేనే.

ఖరీదైన మానిటర్ అక్కర్లేదు. ఉంటే మంచిదే, కానీ నేను చూసిన తప్పుల్లో ఎక్కువ శాతం మామూలు ఫోన్‌లో కూడా దొరికిపోయేవే.

1. స్క్రీన్‌ని ఒక స్థాయిలో పెట్టండి

నైట్ మోడ్, ఆటో బ్రైట్‌నెస్, గదిని బట్టి తెలుపు రంగు మార్చే సెట్టింగ్ ఏదైనా ఉంటే అది, మూడూ ఆపేయండి. తర్వాత స్క్రీన్ మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, పక్కన తెల్ల కాగితం పట్టుకోండి. స్క్రీన్ దీపంలా వెలుగుతూ కాగితం మాసినట్టు కనిపిస్తే బ్రైట్‌నెస్ తగ్గించండి. కాగితమే తెల్లగా ఉండి స్క్రీన్ బూడిదగా అనిపిస్తే పెంచండి. రెండూ ఇంచుమించు ఒకేలా ఉన్నప్పుడు ఆపండి.

ప్రింట్‌కి వెళ్లే పనికి ఇది తప్పనిసరి. "ప్రింట్ డార్క్‌గా వచ్చింది" అనే గొడవల్లో చాలావాటికి కారణం స్క్రీన్ ఫుల్ బ్రైట్‌నెస్‌లో పెట్టి పనిచేయడమే. వెలుగు ఎక్కువగా ఉంది కాబట్టి బొమ్మ లేతగా ఉందనుకుని మనమే ముదురు చేస్తూ పోతాం.

2. గ్రే పట్టీ తయారుచేసుకోండి

నలుపు నుంచి తెలుపు దాకా సమానంగా పెరిగే పట్టీ. కంప్యూటర్‌లో అయితే పదకొండు గళ్లు గీసి, ఒక్కో గడిలో ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కోటి 0 నుంచి 255 దాకా) మూడింటికీ ఒకే అంకె ఇవ్వండి, ఈ వరసలో: 0, 27, 48, 71, 94, 119, 145, 171, 198, 226, 255. ల్యాబ్ లెక్కలో ఇవి 0, 10, 20 అలా 100 వరకు లేతదనాలు. మధ్య గడి 128 కాదు, 119 అన్నది గమనించండి. కంటికి మధ్యస్థంగా కనిపించే బూడిద రంగు నిజానికి తనమీద పడ్డ వెలుతురులో 18 శాతమే తిప్పి పంపుతుంది, సగం కాదు. చీకటి వైపు తేడాల్ని మన కన్ను ఎక్కువగా పట్టుకుంటుంది, తెలుపు వైపు తక్కువ.

పెయింట్‌తో చేసేవాళ్లు తొమ్మిది గళ్లు పెట్టుకుంటే చాలు. ఒక చివర తెలుపు, ఇంకో చివర నలుపు వేయండి. తర్వాత నడిమి గడి కంటితో చూసి కలపండి, ఆపైన సగానికి సగం విడదీసుకుంటూ వెళ్లండి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది: ప్రతి గడికీ ఒక్కో చుక్క నలుపు కలుపుతూ పోవడం. మొదటి రెండు చుక్కలకే తెలుపు బాగా నల్లబడిపోతుంది, తర్వాత ఎన్ని వేసినా తేడా తెలియదు. చుక్కలు లెక్కపెట్టకండి, గళ్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఇంకోటి, తడి మీద తీర్పు చెప్పొద్దు. ఆక్రిలిక్ ఆరితే ముదురుతుంది, వాటర్‌కలర్ ఆరితే లేతబడుతుంది. గువాష్ (దళసరిగా ఉండే వాటర్‌కలర్ లాంటి పెయింట్) అయితే రెండు వైపులా ఆడుకుంటుంది, లేతవి కాస్త ముదిరి, ముదురువి కాస్త లేతబడతాయి.

3. బొమ్మని గ్రేలో చూడండి

మొత్తంలో ఇదొక్కటి చేసినా చాలా వరకు బయటపడతారు. కాకపోతే గ్రే చేసే పద్ధతులన్నీ ఒకటి కాదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఫొటోషాప్‌లో డీశాచురేట్ (రంగు తీసేసే ఆదేశం) నొక్కకండి. అది ఆర్‌జీబీలో పెద్ద అంకెనీ చిన్న అంకెనీ కూడి సగం చేస్తుంది, కన్ను సంగతి దానికి పట్టదు. నమ్మకపోతే పసుపు 255, 255, 0 ఒక గడిలో, నీలం 0, 0, 255 పక్క గడిలో వేసి డీశాచురేట్ చేయండి. రెండూ ఒకే బూడిద రంగు అయిపోతాయి! కళ్లెదుట ఒకటి తెలుపుకి దగ్గరగా, ఇంకోటి చీకటిలా ఉంటే, సాఫ్ట్‌వేర్ మాత్రం రెండూ సమానం అంటోంది.

దాని బదులు ఇవి చేయండి:

ఫొటోషాప్‌లో ఫైల్ కాపీ తీసుకుని ఇమేజ్ మెనూలో మోడ్‌ని గ్రేస్కేల్‌కి మార్చండి. కాపీ అన్నాను, గుర్తుంచుకోండి. అసలు ఫైల్ మీద చేసి సేవ్ చేశారంటే రంగులు ఇక తిరిగి రావు.

గింప్‌లో డీశాచురేట్ తెరిస్తే పద్ధతుల జాబితా వస్తుంది, అందులో ల్యూమినెన్స్ ఎంచుకోండి. దాని పక్కనే లైట్‌నెస్ అని ఉంటుంది, పేరు చూసి మోసపోవద్దు, అది పైన చెప్పిన సగం లెక్కే.

లేయర్లు ఉన్న యాప్ ఏదైనా సరే, అన్నిటికన్నా పైన ఒక లేయర్ పెట్టి నలుపు నింపి బ్లెండ్ మోడ్ (ఆ లేయర్ కిందివాటితో కలిసే తీరు) కలర్ అని మార్చండి. పని చేస్తూ చేస్తూ ఆ లేయర్ కన్ను గుర్తు నొక్కితే గ్రే, మళ్లీ నొక్కితే రంగు. నేను రోజూ వాడేది ఇదే. దీంట్లో చిక్కటి ఎరుపులు, నీలాలు ఉన్నదానికన్నా బాగా నల్లగా కనిపిస్తాయి, ఆ మేరకి సర్దుకోండి.

ఫోన్‌లో అయితే యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్క్రీన్ మొత్తాన్ని గ్రేస్కేల్ చేయొచ్చు. కాగితం మీది బొమ్మ అయితే ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ వేయండి, కానీ ఫ్రేములో మీ గ్రే పట్టీ కూడా ఉండాలి. కెమెరా తన ఇష్టమొచ్చినట్టు ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి తీసుకునే వెలుగు) మారుస్తుంది. పట్టీ ఉంటే "నా ఆకాశం ఏడో గడితో సమానం" అని పోల్చుకోవచ్చు.

ఏ సాధనమూ లేకపోతే కళ్లు సగం మూసి చూడండి. వివరాలు చెదిరిపోయి పెద్ద పెద్ద ముదురు, లేత ముద్దలే మిగులుతాయి. పాత పద్ధతే, ఇప్పటికీ పనిచేస్తుంది. కాకపోతే చిక్కటి ఎరుపు ఉన్నచోట కళ్లు సగం మూసినా మోసపోతాం.

4. సరైన నంబర్ చూడండి

కలర్ పికర్‌లో హెచ్‌ఎస్‌బీ (రంగు, చిక్కదనం, బ్రైట్‌నెస్ అని మూడు అంకెలు) అని కనిపిస్తుందే, అందులో బీ అంటే బ్రైట్‌నెస్ అని రాసి ఉంటుంది. మనం అనుకునే బ్రైట్‌నెస్‌కీ దానికీ సంబంధం లేదు. ఆర్‌జీబీలో ఏది పెద్ద అంకో దాన్ని శాతంగా చూపిస్తుంది, అంతే. అందుకే తెలుపు, పసుపు, ఎరుపు, నీలం అన్నిటికీ అక్కడ 100. దాని లాంటిదే ఇంకో కొలత హెచ్‌ఎస్‌ఎల్, అందులోని లైట్‌నెస్ కూడా అదే బాపతు, పసుపుకీ నీలానికీ రెండింటికీ 50 చూపిస్తుంది.

మీరు చూడాల్సింది ల్యాబ్‌లోని ఎల్. 1976లో సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ ఖరారు చేసిన లెక్క ఇది, కన్ను చూసే తీరుకి చాలా దగ్గరగా ఉంటుంది. ఇందులో చిక్కటి పసుపు 97, ఆకుపచ్చ 0, 255, 0 సుమారు 88, ఎరుపు 53, నీలం 32. ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ ఉంటాయి, ఫొటోషాప్ నీలానికి 30 చూపిస్తుంది, కంగారు పడకండి. ఇంత తేడా ఎందుకంటే స్క్రీన్ తెలుపులోని వెలుగులో ఆకుపచ్చ వాటా 71.5 శాతం, ఎరుపుది 21.3, నీలానిది 7.2 మాత్రమే.

ఇప్పుడు నా పోస్టర్ సంగతి. నారింజ 230, 110, 30. నీలిపచ్చ 0, 155, 150. హెచ్‌ఎస్‌బీలో బ్రైట్‌నెస్ 90, 61 అని చూపించింది, అంత తేడా ఉంది కదా అని నేను ధీమాగా ఉన్నా. ల్యాబ్‌లో చూస్తే ఒకటి 60, ఇంకోటి 58! కాంట్రాస్ట్ నిష్పత్తి (రెండు రంగుల వెలుగుల నిష్పత్తి, 1 అంటే తేడా లేనట్టే) 1.08. అంటే కంటికి రంగు తేడా తప్ప లేతదనం తేడా దాదాపు సున్నా. అక్షరం అంచుని, సన్నటి గీతని కన్ను ఎక్కువగా పట్టుకునేది లేతదనం తేడాతోనే. స్క్రీన్ మీద అది జిగేల్‌మన్నది కూడా అందుకే, సమానమైన లేతదనం ఉన్న రెండు చిక్కటి రంగులు పక్కపక్కన పెడితే అంచు కదులుతున్నట్టు, కంట్లో పొడుస్తున్నట్టు ఉంటుంది. దాన్ని నేను "పాప్ అవుతోంది" అనుకున్నా.

ఎలా బాగుచేశానంటే, రంగుల జోడీ మార్చలేదు. బ్యాక్‌గ్రౌండ్‌ని 0, 70, 75కి దించా, లేతదనం 26 అయింది. టైటిల్‌ని 255, 170, 90కి ఎత్తా, 76 అయింది. నిష్పత్తి 5.6కి చేరింది. అదే నారింజ, అదే నీలిపచ్చ, ఈసారి గోడ మీద దూరం నుంచి కూడా చదవగలిగారు.

మీ దగ్గర కూడా ప్రయత్నించండి: ఎరుపు 255, 0, 0, ఆకుపచ్చ 0, 148, 0, బూడిద 127, 127, 127. మూడూ పక్కపక్కన వేయండి. మూడింటి లేతదనమూ దాదాపు ఒకటే. ఏ గ్రే పద్ధతిలో అవి మూడూ కలిసిపోతే ఆ పద్ధతిని నమ్మొచ్చు.

వెబ్ పని చేసేవాళ్లకి ఓకేఎల్‌సీహెచ్ అనే ఇంకో రంగుల కొలత ఇంకా సులువు, 2020లో బ్యోర్న్ ఓటోసన్ తయారుచేసిన ఓకేల్యాబ్ మీద కట్టింది, ఇప్పటి బ్రౌజర్లు నేరుగా అర్థం చేసుకుంటాయి. కానీ దాని ఎల్ కొలత వేరు. ల్యాబ్‌లో 50 ఉండే బూడిద అక్కడ సుమారు 57 అవుతుంది. ఒకే ప్రాజెక్టులో రెండు కొలతలూ కలిపేయకండి.

5. రంగుకి ముందు లేతదనం నిర్ణయించుకోండి

బొమ్మని మూడే మూడు బూడిద రంగులతో చిన్నగా, అగ్గిపెట్టె సైజులో గీయండి. ఒకటి ముదురు, 25 దగ్గర. ఒకటి మధ్యస్థం, 50, 55 దగ్గర. ఒకటి లేత, 85 దగ్గర. ఇందులోనే బొమ్మ అర్థమవుతుంటే ఆ తర్వాత ఏ రంగులు వేసినా నిలబడుతుంది, ఆ గడి లేతదనాన్ని దాటకపోతే చాలు. ముఖానికి ఊదా రంగు వేయండి, చెట్టుకి గులాబీ వేయండి, నప్పుతుంది. మూడు సమాన భాగాలు చేయకండి, బొమ్మ చప్పగా ఉంటుంది. ఏదో ఒకటి సగానికి పైగా ఆక్రమించాలి.

రంగు ఎంచుకునేటప్పుడు ఒక పరిమితి మాత్రం గుర్తుంచుకోండి. ప్రతి రంగూ తన పూర్తి చిక్కదనంలో ఒక్కో లేతదనం దగ్గర కూర్చుని ఉంటుంది. పసుపు పైన, నీలం కింద. ముదురుగా, అదే సమయంలో చిక్కగా ఉండే పసుపు అనేది లేనే లేదు, కిందికి దించితే అది మట్టిరంగో పాచిరంగో అవుతుంది. అలాగే 85 లేతదనంలో గాఢమైన నీలం కావాలంటే దొరకదు, లేత ఆకాశరంగు వస్తుంది. ముదురు, చిక్కన రెండూ కావాలంటే నీలం, ఊదా, ముదురు ఎరుపుల వైపు వెళ్లండి. లేత, చిక్కన కావాలంటే పసుపు, నిమ్మపచ్చ.

6. లేతగా, ముదురుగా మార్చేటప్పుడు

పెయింట్‌లో ఊరికే తెలుపు కలిపితే రంగు లేతబడుతుంది, దాంతోపాటు చల్లబడి సుద్ద పూసినట్టు అవుతుంది. ఎరుపుని లేతగా చేయాలంటే తెలుపుతోపాటు కాస్త నారింజ కలిపి చూడండి. పసుపులో నలుపు వేయకండి, పచ్చగా పాకుడు పట్టినట్టు తయారవుతుంది. పసుపు ముదరాలంటే ఓకర్ (మట్టి పసుపు), బ్రౌన్ మెల్లగా కలపండి.

డిజిటల్‌లో, బ్రైట్‌నెస్ అండ్ కాంట్రాస్ట్ స్లైడర్‌తో బొమ్మంతా ఒకేసారి ఎత్తకండి. కొన్ని యాప్‌లలో తెలుపు దగ్గరున్నవన్నీ తెలుపులో కలిసిపోతాయి, నలుపులన్నీ బూడిదవుతాయి. కర్వ్స్ (ముదురు, మధ్య, లేత భాగాల్ని విడివిడిగా మార్చే గీత) తీసుకుని మధ్యలో ఒక చుక్క పెట్టి కొంచెం పైకి లాగండి, రెండు చివరలూ కదలకుండా ఉంచండి. బొమ్మ తేలికపడుతుంది, నలుపు నలుపుగానే ఉంటుంది.

ఎవరైనా "బ్రైట్ చేయండి" అన్నప్పుడు వెంటనే స్లైడర్ ముట్టుకోవద్దు. మూడు కాపీలు తీయండి: ఒకదాంట్లో మధ్య టోన్లు (మరీ ముదురూ మరీ లేతా కాని భాగాలు) లేతగా, ఒకదాంట్లో చిక్కదనం ఎక్కువగా, ఒకదాంట్లో ముఖ్యమైన వస్తువు చుట్టూ ముదురుగా. మూడూ చూపించి ఏది అని అడగండి. నా అనుభవంలో మూడోదాన్ని ఎంచుకునేవాళ్లే ఎక్కువ, అంటే బ్రైట్ చేయమని అడిగి, ముదురు చేసిన కాపీ పట్టుకెళ్తారన్నమాట.

7. దీపం వెలుగుతున్నట్టు చూపించాలంటే

వెలుగు, లేతదనం తేడా బాగా అక్కరకొచ్చేది ఇక్కడే. కాగితం తనంతట తాను వెలగదు. మీ దగ్గరున్న అత్యంత లేత రంగు కాగితపు తెలుపే, అంతకుమించి పైకి పోలేరు. కాబట్టి పైకి పోయే బదులు మిగతావాటిని కిందికి దించాలి.

దీపం చుట్టూ ఉన్న గదిని 20 నుంచి 30 లేతదనంలో ఉంచండి. అందులో తెల్ల వస్తువులున్నా సరే, అవి కూడా 45 దాటకూడదు. దీపం చుట్టూ వలయం 55 నుంచి 75, ఇక్కడ రంగు బాగా చిక్కగా ఉండాలి, నారింజో బంగారు పసుపో. వత్తి దగ్గర మాత్రం చిన్న చుక్క, 95 పైన, దాదాపు తెలుపు. ఆ తెల్ల చుక్క ఎంత చిన్నదైతే అంత వెలుగు.

చాలామంది దీన్ని తిరగేస్తారు: పెద్ద తెల్ల వలయం వేసి, గదిని కూడా లేతగానే ఉంచి, వెలగట్లేదని ఇంకా తెలుపు పూస్తారు. అక్కడ వచ్చేది దీపం కాదు, తెల్ల మచ్చ.

8. పక్కన ఏముందో చూడండి

అదే బూడిద గడి నలుపు మీద పెడితే లేతగా, తెలుపు మీద పెడితే ముదురుగా కనిపిస్తుంది. పారిస్‌లోని గోబెలిన్ నేత కార్ఖానాలో రంగుల అద్దకం చూసిన షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్తకి ఇదే తలనొప్పి వచ్చింది. నలుపు రంగు సరిగా పట్టట్లేదని ఫిర్యాదులు. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు, నలుపు దారం పక్కన ఉన్న నీలం, ఊదా దారాలే దాన్ని వెలిసినట్టు చూపిస్తున్నాయి. పక్క రంగుల ప్రభావం మీద 1839లో ఏకంగా ఒక పుస్తకమే అచ్చువేశాడు.

నీడలో ఇంకా మోసపోతాం. 1995లో ఎడ్వర్డ్ ఆడెల్సన్ చేసిన చదరంగపు బల్ల బొమ్మ మీరు చూసే ఉంటారు, నీడలో ఉన్న "తెల్ల" గడీ, వెలుతురులో ఉన్న "నల్ల" గడీ అచ్చంగా ఒకే బూడిద. నీడలో తెల్ల చొక్కా వేయమంటే మన చెయ్యి తెలుపు తీసుకుంటుంది, తీసుకోవాల్సింది 50 దగ్గరి నీలిబూడిద. అనుమానం వస్తే కాగితానికి చిన్న రంధ్రం చేసి, దానిలోంచి ఆ ఒక్క చోటే చూడండి. కంప్యూటర్‌లో అయితే ఐడ్రాపర్, అంటే నొక్కిన చోటి రంగుని తీసుకునే సాధనం.

9. అక్షరాలుంటే

కాంట్రాస్ట్ చెకర్‌లో రెండు రంగులూ ఇవ్వండి. వెబ్ ప్రమాణాల ప్రకారం మామూలు అక్షరాలకి కనీసం 4.5, పెద్ద అక్షరాలకి 3 రావాలి. తెలుపు మీద పసుపు 1.07 వస్తుంది, ఆశ వదిలేసుకోండి. తెలుపు మీద ఎరుపు దాదాపు 4, టైటిల్‌కి ఓకే, పేరాకి కాదు. తెలుపు మీద నీలం 8.6. బూడిదలో అయితే 118, 118, 118 దాకా వెళ్లొచ్చు, అంతకన్నా లేతది పెడితే మామూలు అక్షరాలకి చాలదు. మన లిపిలో ఒత్తులు, గుణింతాల గీతలు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి చిన్న సైజు తెలుగుకి 4.5తో సరిపెట్టుకోకుండా 7 దగ్గరికి తీసుకెళ్లండి, ఇది ప్రమాణం కాదు, నా అలవాటు.

సరిగ్గా వచ్చిందా లేదా?

బొమ్మని గోరంత సైజుకి కుదించి గ్రేలో చూడండి. ముందు కంటికి తగిలింది మీరు ముఖ్యం అనుకున్న వస్తువేనా? కాకపోతే మూడో మెట్టుకి వెనక్కి.

అద్దంలో తిప్పినట్టు అడ్డంగా తిరగేసి చూడండి, ఇన్ని గంటలు చూసి చూసి అలవాటుపడ్డ కన్ను అప్పుడు కాస్త మేలుకుంటుంది.

ఫోన్ బ్రైట్‌నెస్ బాగా తగ్గించి ఒకసారి, పూర్తిగా పెంచి ఒకసారి చూడండి. తగ్గించినప్పుడు ముదురు రంగులన్నీ ఒకే ముద్దగా మారిపోతే, 10, 15, 20 దగ్గర మరీ ఎక్కువ వివరాలు పెట్టారని అర్థం. వాటిని 12, 25, 38 అలా విడదీయండి.

నంబర్లు సమానంగా ఉన్నా చిక్కటి గులాబీ, ఎరుపు, నీలం పక్కనున్న బూడిద కన్నా వెలుగుతున్నట్టు కనిపిస్తాయి. లెక్క తప్పు కాదు, కన్ను తీరే అంత, దీనికి హెల్మ్‌హోల్ట్స్ కోల్‌రాష్ ప్రభావం అని పేరు. అందుకే నంబర్‌తో దగ్గరికి తీసుకొచ్చి, చివరి ఒకటి రెండు అంకెలు కంటితోనే సరిచేయండి.

ప్రింట్‌కి ఇచ్చే ముందు చిన్న ముక్క ప్రింట్ తీయించండి. స్క్రీన్ మీది చిక్కటి నీలాలు, ఆకుపచ్చలు ఇంకులో అంత చిక్కగా రావు, చిక్కదనం పడిపోయాక కూడా లేతదనాల తేడా నిలబడిందా అన్నదే చూడాలి. ఆ ముక్కని పగటి వెలుగులో, గదిలో లైటు కింద, మసక వెలుతురులో మూడుచోట్లా చూడండి. మసకలో కన్ను మారిపోతుంది, పగలు 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న పసుపుపచ్చ దగ్గర ఎక్కువ చురుగ్గా ఉండేది, చీకటికి అలవాటుపడ్డాక 507 దగ్గరికి జరుగుతుంది. దాంతో ఎరుపులు ముందు నల్లబడిపోతాయి, నీలాలు ఇంకాసేపు వెలుగుతూనే ఉంటాయి. సందెవేళ చూసే బోర్డు అయితే ఎరుపు మీద నల్ల అక్షరాలు పెట్టకండి. పెట్టక తప్పదంటే అక్షరాల చుట్టూ సన్నటి తెల్ల అంచు గీసి, మళ్లీ గ్రేలో ఒకసారి చూసుకోండి.